బావ ఎముకలో గాజు

గాజు నీళ్ళలో కరగదని ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు చెబుతున్నదాన్ని నేను. తిరుత్తణిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. ప్రయోగశాలలో సీసాలన్నీ గాజుతోనే ఎందుకు చేస్తారని అడిగితే, ఏం పోసినా ఉలకదు పలకదు కాబట్టి అని మా పిల్లలు నిద్రలో కూడా అప్పజెబుతారు. అప్పజెప్పేదాకా నేను వదలను. అందుకే తిరువళ్ళూరు ఆస్పత్రిలో ఎముకల డాక్టరు మా బావ కాలి ఎముకలో గాజు నింపుతానని, అది అక్కడ మెల్లగా కరిగిపోతుందని చెప్పినప్పుడు నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది.

బావ అంటే నా మొగుడు. మేనత్త కొడుకు. పెళ్ళయి పాతికేళ్ళవుతున్నా పిలుపు మారలేదు. మా ఇంట్లో మాట్లాడేది నేనొక్కదాన్నేనని ఊరంతా అనుకుంటుంది. అది తప్పు. మా అత్త కూడా మాట్లాడుతుంది. మేమిద్దరం ఊపిరి తీసుకునే సందు చూసుకుని ఆయన ఒక మాట వేస్తాడు, అంతే.

కే.జీ.కండిగై పక్కనే మా చెరకు తోట. ఈ గాజు సంగతికి ముందు ఏడాది, చెరకు బండ్లు తిరిగే నెలల్లో, రోడ్డు మీద రాలిపడిన గడల మీద ఆయన మోటారుసైకిలు జారింది. కుడి ముంగాలి ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. కబురు విని నేనూ అత్తా పరిగెత్తేసరికి ఆయన రోడ్డు పక్కన కూర్చుని తన ఎముకను తానే వింతగా చూసుకుంటున్నాడు. అత్త నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఆకుకట్టు. మా వైపు ఎముక విరిగితే ఎవరికైనా ముందు తోచేది అదే. ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టేస్తారు. అత్త మణికట్టు అలాగే అతుక్కుంది. ఆ చేతివేలే ఇన్నేళ్ళుగా నా వైపు చూపిస్తోంది కాబట్టి, ఆ వైద్యం పనిచేయదని నేననలేను. కానీ చర్మం చిట్లని విరుపు వేరు, మట్టి దూరిన గాయం వేరు అన్నాను. ఆయన కింద ఉండగానే, ఆయన మీదుగా ఇద్దరం వాదించుకున్నాం. నేనే గెలిచాను. ఆస్పత్రికి తీసుకుపోయాం. ఎముక లోపల రాడ్డు వేశారు.

మూడు నెలలకు కుట్టు పక్కన చిన్న పొక్కు లేచింది. అది పగిలి చీము కారింది.

"నేను ముందే చెప్పలా" అని అత్త ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆమె ఊరికే వచ్చి, ఆయన కాలు చూసి, నా ముఖం చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయేది. గెలిచిన వాదం మోయడానికి ఇంత బరువుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

చీము సంగతి డాక్టరుకు చెప్పాం. కోసి, కడిగి, కుట్టాడు. రెండు నెలలకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెప్పాం. మళ్ళీ కోశాడు. ఎముక అతుక్కుంది కాబట్టి ఈసారి రాడ్డు తీసేశాడు. అయినా లోపల పుండు మానలేదు. ఎముకలో చచ్చిపోయిన భాగం ఉందని, అక్కడికి రక్తం పోదని, రక్తం పోని చోటికి మందు కూడా పోదని, సూక్ష్మజీవులు అందులో ఇల్లు కట్టుకుని కూర్చున్నాయని చెప్పాడు. ఇదంతా నేను పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. కానీ నా మనసులో మాత్రం ఒక మొద్దు నమ్మకం నాటుకుపోయింది. ఆస్పత్రిలో చెబితే కోస్తారు. చెప్పిన ప్రతిసారీ కోశారు. చదువుకున్నదానికి ఇలాంటి ఆలోచన వస్తుందా అంటే, వస్తుంది. చదువు నాలుక మీద ఉంటుంది, భయం ఇంకెక్కడో ఉంటుంది.

మూడోసారి వెళ్ళినప్పుడే డాక్టరు గాజు సంగతి చెప్పాడు. నలభై ఏళ్ళుంటాయేమో ఆయనకు. తమిళంలోనే మాట్లాడతాడు. నెమ్మదిగా, నాలాంటివాళ్ళను చాలామందిని చూసినట్టు మాట్లాడతాడు. చచ్చిన ఎముకంతా గీకి తీసేస్తే లోపల ఒక గుంత మిగులుతుంది. ఆ గుంతను ఖాళీగా వదిలితే మళ్ళీ చీము నిండుతుంది. అందుకని గాజూ సిరామిక్కూ కలగలిసిన సన్నటి పలుకులతో దాన్ని నింపుతారు. ఒళ్ళోని తడి తగలగానే వాటిలోంచి ఉప్పులు ఊరి, చుట్టూ క్షారం పెరుగుతుంది. ఆ క్షారంలో సూక్ష్మజీవులు బతకలేవు. తరువాత ఆ పలుకుల మీదే సొంత ఎముక పెరుగుతూ వస్తుంది, గాజు కరుగుతూ పోతుంది.

గాజు కరగదు సార్ అన్నాను. తెలుగులో అని, మళ్ళీ తమిళంలో అన్నాను. నేను చెప్పేది సీసా గాజు సంగతని, ఇది వేరే వంటకమని ఆయన అన్నాడు. ఇందులో ఇసుక పాలు తక్కువ, సోడా, సున్నం ఎక్కువ, కొంచెం భాస్వరం. అందుకే తడి తగిలితే ఇది ఊరుకోదు. నాకు అర్థమైంది. అర్థమవడం కూడా ఓడిపోవడమే కాబట్టి ఇంకో ప్రశ్న వేశాను. ఇది కూడా పనిచేయకపోతే?

డాక్టరు అరచేతి అంచును తన మోకాలి కింద ఆనించి చూపించాడు. కత్తి పెట్టినట్టు.

అప్పటి నుంచి నాకు కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యే కనిపించేది. బడిలో, బస్సులో, పిండి కలుపుతున్నప్పుడు. బావ చెరకు తోటలో గట్టు మీద నడిచే మనిషి. నీళ్ళ మడవ ఎక్కడ తెగిందో అరికాలితో తెలుసుకునేవాడు. మోకాలి కింద ఏమీ లేకుండా గట్టు మీద ఎలా నిలబడతాడన్నది ఊహించుకోబోయి, సగంలో ఆపేసేదాన్ని.

ఆపరేషన్ ముందు ఆ పలుకులున్న చిన్న సీసాను నర్సు చూపించింది. బొంబాయి రవ్వ కంటే ముతక, కల్లుప్పు కంటే సన్నం. బావ తల ఎత్తి చూసి, గాలిపటం దారానికి పూస్తారే ఆ గాజేనా అని అడిగాడు. నేను నవ్వలేదు. కాగితాల మీద సంతకం పెట్టింది నేను.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. ఇంటికి పంపే రోజున డిశ్చార్జి కాగితాలు నా చేతికిచ్చారు. రెండు పేజీలు. మొదటి పేజీలోనే కుడికాలు అని ఉండాల్సిన చోట ఎడమకాలు అని ఉంది. ఇంకేం కావాలి నాకు? నర్సును పట్టుకున్నాను. టైపు కొట్టినవాళ్ళను పిలిపించమన్నాను. రేపు పొరపాటున మంచికాలు కోస్తే బాధ్యత ఎవరిదన్నాను. అదే సమయంలో డాక్టరు వచ్చి, బావ మంచం పక్కన నిలబడి, ఇంటికి పోయాక ఏమవుతుందో, దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో చెప్పుకుంటూ పోయాడు. బావ తల ఊపాడు. మందు మత్తు ఇంకా దిగని మనిషి ఊపిన తల అది. నాకు మాటలు చెవిన పడ్డాయి, లోపలికి పోలేదు. ఎడమను కొట్టేయించి, పెన్నుతో కుడి అని రాయించుకుని, పక్కన సంతకం కూడా పెట్టించి విజయంతో ఇంటికొచ్చాను. రెండో పేజీ తిప్పలేదు.

తిప్పేలోగా ఆ కాగితం ముడుపులోకి పోయింది.

ముడుపు సంగతి మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. మొక్కుకున్నప్పుడు పసుపు గుడ్డలో ఒక నాణెం పెట్టి, మూడు ముడులేసి, దేవుడి పటం ముందు ఉంచుతాం. మొక్కు తీరేదాకా దాన్ని విప్పకూడదు, కదిలించకూడదు. మా ఇంట్లో దేవుడంటే తిరుత్తణి కొండ మీది మురుగనే. కొడుకు తన రెండు కాళ్ళతో కొండ మెట్లెక్కి వస్తాడని అత్త మొక్కింది. మొక్కి, నాణేనికి తోడు ఆ డిశ్చార్జి కాగితాలను కూడా మడిచి గుడ్డలో పెట్టింది. కాలు బాగైందని డాక్టరు రాసిచ్చిన కాగితం సామి కాళ్ళ దగ్గరే ఉండాలంది. మందుల చీటీ విడిగా ఉంది, కుట్లు విప్పే తేదీ నాకు నోటికొచ్చు, ఇంక ఆ కాగితంతో పనేముంది అనుకున్నాను. మామూలు రోజుల్లో అయితే ఆస్పత్రి కాగితానికి పసుపు పూస్తావా అత్తా అని ఒక పూట వాదించి ఉండేదాన్ని. ఆ రోజు మూడో ముడి వేసింది నేనే. ఆమె వేసిన ముడి జారిపోతుంటే గుడ్డ అందుకుని బిగించాను. ఎవరికీ చెప్పలేదు గానీ, బిగించేటప్పుడు నేనూ మొక్కాను.

నాలుగో రోజు కట్టు మారుస్తున్నాను. కట్టు నేనే మార్చేదాన్ని, ఎవరినీ చేయి పెట్టనిచ్చేదాన్ని కాదు. అత్త విభూతి చల్లుతుందేమోనని ఆమెను గది గడప కూడా దాటనివ్వలేదు. దూది తీస్తే తడిగా ఉంది. కుట్ల మధ్య ఒక చోట నుంచి నీళ్ళు ఊరుతున్నాయి. పలుచగా, కొంచెం పసుపుగా. తుడిచాను. మళ్ళీ ఊరాయి.

తడిగా ఉండాదే అన్నాడు బావ. సెలైన్‌తో కడిగాను కదా, ఆ తడే అన్నాను. పాతికేళ్ళలో ఆయనకు నేను చెప్పిన అబద్ధాలు తక్కువ. నోరున్నవాళ్ళకు అబద్ధాల అవసరం పెద్దగా రాదు.

ఐదో రోజు ఇంకా ఎక్కువ. కట్టు దాటి దుప్పటికి అంటింది. దుప్పటి నేనే ఉతికి, పెరట్లో చీరల వెనక ఆరేశాను. ఆరో రోజు బడికి సెలవు పెట్టాను. ఏడో రోజు దూది మందంగా పెట్టి, తడి బయటికి రాకుండా పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద గట్టిగా గుడ్డ కట్టాను. సైన్సు టీచరును నేను. తడి గాయాన్ని గాలి చొరకుండా మూస్తే ఏమవుతుందో ఎనిమిదో తరగతి పిల్ల చెబుతుంది. నాకు అది తోచనే లేదు. కనబడకపోతే చాలు, లేనట్టే అనిపించింది. కుట్లు విప్పే రోజు ఇంకో వారముంది, ఆలోగా అదే ఆగిపోతుంది అనుకున్నాను. ఒక్కోసారి స్నానాలగదిలోకి పోయి, తీసిన దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేదాన్ని. చీము వాసన నాకు బాగా తెలుసు, రెండుసార్లు చూశాను కదా. ఇందులో ఆ వాసన రావడం లేదు. కానీ భయంతో చూసే ముక్కును ఏం నమ్ముతాం? వచ్చినట్టూ ఉండేది, రానట్టూ ఉండేది.

అత్తకు తెలిసిపోయిందని నాకు తెలుసు. పెరట్లో చీరల వెనక దుప్పటి ఎందుకు ఆరుతుందో ఆమెకు ఒకరు చెప్పాలా? ఆమె కూడా అడగలేదు. అడిగితే నేను చెబుతాను, చెబితే అది నిజమైపోతుంది. జీవితంలో మొదటిసారి మేమిద్దరం ఒక విషయం మీద వాదించుకోకుండా ఏకమయ్యాం.

ఎనిమిదో రోజు ఉదయం బావ నన్ను పిలిచి మంచం మీద కూర్చోమన్నాడు.

"మే, నేను కాలవ కింద పుట్టినోణ్ణి. నీళ్ళు యాడ ఊరతాండాయో నాకు తెలీదా? ఇది నువ్వు కడిగిన నీళ్ళు గాదు. ఫోన్ చెయ్."

నేను లేచి పెరట్లోకి పోయి ఆస్పత్రికి ఫోన్ చేశాను. అప్పుడు కూడా నిజం చెప్పలేదు. పేరు చెప్పకుండా, మాకు తెలిసినవాళ్ళకు ఇలా ఎముకలో గాజు పెట్టారని, కుట్లలోంచి నీళ్ళు వస్తున్నాయని, ఇలా ఎవరికైనా వస్తుందా అని అడిగాను. ఫోన్ ఎత్తింది డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ. గొంతు మా బడి పిల్లలా ఉంది. గాజు పెట్టినవాళ్ళకు డిశ్చార్జి సమ్మరీ రెండో పేజీలో అన్నీ రాసిస్తామని, అది చదివి, అందులో భయపడాలని రాసిన లక్షణాలు ఏవైనా ఉంటే వెంటనే రమ్మని చెప్పింది. ఆ కాగితం ఇప్పుడు చేతికి అందదన్నాను. ఎక్కడుందని అడిగింది. దేవుడి దగ్గరుందన్నాను. దేవుడు చదివేశాక మీరు కూడా చదవండమ్మా అంది తమిళంలో, చాలా మర్యాదగా. నాకు అలా జవాబు చెప్పినవాళ్ళు ఈ మధ్య లేరు.

లోపలికి వచ్చి దేవుడి పటం ముందు నిలబడ్డాను. చెయ్యి చాచేలోగా అత్త అడ్డం వచ్చింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, అంత వేగంగా ఎలా వచ్చిందో తెలియదు.

"ముట్టొద్దు మే."

"దాంట్లో రాసుండాదంట అత్తా. చూడాల."

"మొక్కు తీరకుండా ముడుపు విప్పితే ఏమయితాదో తెలుసునా నీకు? వాడి కాలు పోతాది."

"విప్పకపోయినా పోతాది" అన్నాను. ఆ మాట ఇంట్లో పైకి అనడం అదే మొదటిసారి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు కూడా. కానీ ఆమె పక్కకు జరగలేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నిజం చెప్పాలంటే నేను ఎందుకు లాక్కోలేదో నాకు తెలుసు. ఆమె అన్నది నిజమైతే? రెండు చీములు, మూడు కోతలు నా మాట మీదే జరిగాయి. నాలుగోది కూడా నా చేతి మీదుగానే రావాలా? ఇన్నేళ్ళు ఎగతాళి చేసినదాన్ని, ఆ పసుపు గుడ్డ ముందు చెమటలు పట్టి నిలబడ్డాను.

చేతికర్ర చప్పుడు వినబడింది. బావ ఒంటికాలి మీద, గోడ పట్టుకుంటూ, గది గుమ్మం దాకా వచ్చాడు.

"అమ్మా, మొక్కు ఎవురి కాలికి?"

అత్త పటానికి అడ్డంగానే నిలబడింది.

"నా కాలికే గదా. అయితే నేను విప్పతాను. పాపమొస్తే నాకే రానీ, ఎట్లా కాలు నాదే. ఇంగ మీరిద్దురూ రొంత జరగండి, నిలబడలేకుండా ఉండాను."

ఆయనే విప్పాడు. మూడో ముడి బాగా బిగిసింది. పళ్ళతో లాగాల్సి వచ్చింది. నాణేన్ని అత్త చేతిలో పెట్టి, పసుపు అంటిన కాగితాలు నాకిచ్చాడు. నిలబడే చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కొక్క వాక్యం తెలుగు చేసి పైకి చెప్పాను. ఎముకలో పెట్టిన గాజు వల్ల కొన్ని వారాలపాటు కుట్లలోంచి పలుచని నీళ్ళు ఊరవచ్చు. తేటగా, కొంచెం పసుపుగా ఉంటుంది, వాసన ఉండదు. అది చీము కాదు. గాజు పనిచేస్తున్నప్పుడు చుట్టూ ఉప్పుదనం పెరిగి నీటిని లాగుతుంది. కట్టు పొడిగా, గాలి ఆడేట్టు ఉంచండి.

తరువాత అత్త ముక్కు చీదుకుని అంది:

"ఉప్పేస్తే మామిడికాయ ముక్క ఊట ఊరదా? దానికా ఇన్నాళ్ళు దుప్పట్లు దాచినావు?"

బావ నవ్వాడు. నేను కూడా నవ్వేదాన్నే. కానీ కాగితం అక్కడితో అయిపోలేదు. జ్వరం వచ్చినా, గాయం చుట్టూ చర్మం ఎర్రబారి వేడెక్కినా, చిక్కటి చీము కనిపించినా ఆలస్యం చేయకుండా రావాలని కింద రాసి ఉంది. ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి కట్టు విప్పాను. నేను చుట్టిన ప్లాస్టిక్ కవరు కింద చర్మం తెల్లగా నాని, దాని చుట్టూ అరచేతి వెడల్పున ఎర్రగా ఉంది. చెయ్యి పెడితే వేడి. ఆ ఎరుపు గాజు తెచ్చింది కాదు. నేను తెచ్చింది.

మా చిన్నమామ కారులో తిరువళ్ళూరు పోయాం. దారంతా నేను మాట్లాడలేదు. మామ రెండుసార్లు వెనక్కి తిరిగి నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. డాక్టరు కట్టు చూసి, ప్లాస్టిక్ సంగతి అడిగి, చర్మాన్ని చుట్టూ నొక్కి చూశాడు. తరువాత తల ఎత్తకుండానే, నీళ్ళు ఎన్ని రోజులుగా వస్తున్నాయని నన్ను అడిగాడు.

"రెండు రోజులు" అన్నాను.

"అయిదు సార్" అన్నాడు బావ.

డాక్టరు నా వైపు చూశాడు. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. తనకు అందే లెక్క తప్పయితే తాను ఇచ్చే మందు కూడా తప్పవుతుందని, కాలు పోయేది గాజు వల్ల కాదు, ఇలాంటి రెండు రోజుల వల్ల అని మాత్రం అన్నాడు. ఎరుపు పైచర్మానిదే కావచ్చు, లోపలికి కూడా దిగి ఉండవచ్చు, ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఊరుతున్న నీటిని పుల్ల చివరి దూదితో తీసి పరీక్షకు పంపాడు. అందులో ఏదైనా పెరుగుతుందేమో మూడు రోజులు చూడాలి. పెరగకపోతే ఆ నీళ్ళు గాజువే. పెరిగితే? ఆ ప్రశ్న నేను వేయలేదు. ఆయన మోకాలి కింద చెయ్యి పెట్టడం ఇంకోసారి చూసే ధైర్యం లేదు.

ఆ మూడు రోజులు ఎలా గడిచాయో రాయాలంటే ఇప్పటికీ చేతికి చెమట పడుతుంది. బావను ఆస్పత్రిలోనే ఉంచుకుని నరానికి మందు ఎక్కించారు. నేను ఉదయం ఎలక్ట్రిక్ రైలెక్కి పోవడం, సాయంత్రం తిరిగి రావడం. రైల్లో ఎదుటి సీటు కింద చెప్పులు కనిపిస్తే జతలు లెక్కపెట్టేదాన్ని. అందరికీ రెండేసి ఉన్నాయి. ఎంత మామూలుగా ఉన్నాయో ఒక్కొక్కరికీ. ఎక్కడో ఒక గాజు పళ్ళెంలో, వెచ్చని పెట్టెలో, మా ఆయన కాలి నీళ్ళ చుక్క ఉంది. అందులో ఏదైనా మొలుస్తోందా లేదా? మా బడిలో పిల్లలకు ఆ ప్రయోగం నేనే చేసి చూపిస్తాను. నీళ్ళ చుక్క వేసి, మూడో రోజు మూత తీసి, మచ్చలు చూసి పిల్లలు కేరింతలు కొడతారు. ఎక్కువ మచ్చలు మొలిచినవాళ్ళకు నేను చప్పట్లు కొట్టిస్తాను.

ఇంట్లో అత్త ఆ మూడు రోజులూ నాకోసం అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టింది. ముడుపు మాట ఎత్తలేదు. రెండో రోజు మాత్రం, నేను ముద్ద మింగలేక కూర్చుంటే, తన మణికట్టు తిప్పి చూసుకుంటూ అంది. ఆకుకట్టు కట్టిన నెలలో తనకూ చెయ్యి వాచిందట. చెబితే విప్పి మళ్ళీ లాగుతారని భయపడి, కొంగు కింద దాచుకుని తిరిగిందట. అందుకే ఆ చెయ్యి ఇప్పటికీ రొంత వంకర.

"నువ్వు ఎప్పుడూ చెప్పలేదే" అన్నాను.

"చెప్తే నువ్వు ఊరుకుంటావా మే? ఆకుకట్టునే తిట్టేదానివి."

నిజమే. తిట్టేదాన్ని.

మూడో రోజు నేను ఆస్పత్రి వరండాలో ఉండగానే డాక్టరు కాగితం పట్టుకుని వచ్చాడు. ఏమీ పెరగలేదు. ఎరుపు పైచర్మానిదే, అదీ తగ్గుముఖం పట్టింది. ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు, ఈసారి ప్రతి మాటా విన్నాను. విని, ఆయన ముందే వాటిని తిరిగి అప్పజెప్పాను, మా పిల్లల్లా. ఒకటి తప్పు చెబితే దిద్దాడు. గాజు పూర్తిగా కరిగి ఎముకగా మారడానికి ఏళ్ళు పడుతుందన్నాడు. అప్పటిదాకా చీము మళ్ళీ రాదని రాసివ్వగలరా అని అడిగాను. రాసివ్వలేను టీచరమ్మా, చూసుకుంటూ ఉందాం అన్నాడు.

నీళ్ళు ఊరడం ఆరో వారానికి ఆగింది. ఇప్పుడు బావ కర్ర లేకుండా ఇంట్లో తిరుగుతాడు, కర్రతో గట్టు దాకా పోతాడు. నేను మాత్రం చూసుకుంటూనే ఉన్నాను. తెల్లవారి లేవగానే ముందు ఆయన కాలు చూస్తాను, తరువాతే ముఖం. ఏ చిన్న సంగతి కనిపించినా ఆస్పత్రికి ఫోన్ చేస్తాను. కుట్టు దగ్గర దురద అని చేశాను. మడమ చల్లగా ఉందని చేశాను. చిన్న డాక్టరమ్మకు నా గొంతు గుర్తుండిపోయింది. మొన్న ముంగాలి మీద ఎర్రగా ఒక దద్దురు కనిపించి ఫోన్ చేస్తే పెద్ద డాక్టరే ఎత్తాడు. ఎంత పెద్దది, వేడిగా ఉందా, నొప్పి ఉందా, ఎప్పటి నుంచి అని అడిగాడు. అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఉదయం ఆరు గంటలకు చూశాను, ముందురోజు సాయంత్రం లేదు అన్నాను.

"అది దోమకాటు టీచరమ్మా. దానికి నేను ఆపరేషన్ చెయ్యను" అన్నాడు.

బావ పక్కనే ఉండి విన్నాడు, రెండు రోజులు ఊళ్ళో అందరికీ చెప్పుకుని నవ్వాడు. నవ్వుకోనీ. ఫోన్ పెట్టేశాక నేను ఆ దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీశాను. పెరిగితే తెలియాలి కదా.